కంటి ధమనిలో బుగ్గ

పాత సైకిల్ ట్యూబులో గాలి కొడుతుంటే పలచబడిన చోట చిన్న బుగ్గ లేస్తుంది. ఏళ్ల తరబడి బీపీతో ఉన్నవాళ్ల కంటి వెనుక, వెలుగును పట్టే రెటీనా పొర మీద పాకే ధమనికీ అలాగే జరగొచ్చు. దీన్ని డాక్టర్లు రెటీనా మాక్రోఎన్యూరిజం అంటారు. 1973లో అమెరికా కంటి వైద్యుడు డెనిస్ రాబర్ట్‌సన్ దీన్ని విడి జబ్బుగా వర్ణించారు. షుగర్ ఉన్నవాళ్ల రెటీనాలో ఎర్రచుక్కల్లా కనిపించేవి వేరు, అవి కేశనాళికల, అంటే అతి సన్నటి రక్తనాళాల ఉబ్బులు. ఇది ధమనిది, సాధారణంగా 100 నుంచి 250 మైక్రాన్లు ఉంటుంది. అంటే రెండు మూడు వెంట్రుకల మందం. 60 దాటిన ఆడవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది.

నొప్పి ఉండదు. చూపు బాగున్నంతకాలం అది ఉందనే తెలియదు. బుగ్గ గోడ నుంచి నీరు, కొవ్వు ఊరి మాక్యులా దాకా చేరితే అక్షరాలు మసకబారతాయి, వంకరపోతాయి. మాక్యులా అంటే రెటీనా నడిమధ్యన చదవడానికి, ముఖాలు గుర్తుపట్టడానికి పనికొచ్చే చోటు. బుగ్గ పగిలితే మాత్రం చూపు ఒక్కసారిగా పడిపోతుంది.

అయితే పగిలిన బుగ్గ చాలాసార్లు తనంతట తానే మానిపోతుంది. లోపల రక్తం గడ్డకట్టి దాన్ని మూసేస్తుంది. అందుకే డాక్టర్ "ఇప్పుడేమీ వద్దు, బీపీ అదుపులో పెట్టుకుని మళ్లీ రండి" అంటారు. ఇంటిల్లిపాదికీ టెన్షన్: చూపు పోతుంటే ఊరికే పంపించేశారేమిటని. ఆ ఆగడం కూడా వైద్యమేనని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకంటే లేజర్‌తో బుగ్గను కాల్చేటప్పుడు ధమని కూడా మూసుకుపోయే ప్రమాదం ఉంది. అప్పుడు ఆ ధమని మీద ఆధారపడ్డ రెటీనా భాగానికి రక్తం అందదు.

ఊట మాక్యులాను వదలకపోతే ఆగకూడదు. బుగ్గ మీదో, దాని చుట్టూనో తేలికపాటి లేజర్ చేస్తారు. లేదంటే ఊటను తగ్గించే బెవాసిజుమాబ్, రానిబిజుమాబ్ లాంటి మందులు కంట్లోకి ఇంజెక్షన్‌గా ఇస్తారు.

రక్తస్రావమైతే రక్తం ఏ పొరలో నిలిచిందో చూడాలి. ఈ జబ్బులో అది రెటీనాకు ముందూ, లోపలా, వెనకా ఒకేసారి చేరగలదు. రెటీనా ముందున్న పలచటి పొర కింద రక్తం నిలిస్తే, అది గడ్డకట్టకముందే యాగ్ అనే రకం లేజర్‌తో ఆ పొరకు చిన్న చిల్లు పెడతారు. రక్తం కంటిలోని జెల్‌లోకి జారి, వారాల్లో ఇంకిపోతుంది. మాక్యులా వెనక చేరిన రక్తమే అసలు శత్రువు. అందులోని ఇనుము వెలుగును పట్టే కణాలను చంపేస్తుంది, అక్కడ రోజులు కూడా లెక్కే. గడ్డను కరిగించే మందు ఇచ్చి, కంట్లోకి గ్యాస్ బుడగ ఎక్కించి, పేషెంట్‌ను బోర్లా ఉంచుతారు. బుడగ రక్తాన్ని మాక్యులా నుంచి పక్కకు నెడుతుంది.

రక్తం కమ్మేస్తే బుగ్గ కనపడదు, వయసుతో వచ్చే మాక్యులా జబ్బు అనుకునే వీలుంది. అప్పుడు ఆకుపచ్చ రంగు మందు నరంలోకి ఎక్కించి తీసే యాంజియోగ్రామ్ ఆదుకుంటుంది. అది వాడే పరారుణ కాంతి రక్తం గుండా కూడా దూసుకెళ్తుంది.

దాదాపు పదిమందిలో ఒకరికి రెండో కంట్లోనూ బుగ్గ ఉంటుంది కాబట్టి ఆ కంటినీ చూస్తారు, చేతికి పట్టీ చుట్టి బీపీ చూస్తారు. కొందరికి తమకు బీపీ ఉందని మొదట తెలిసేది కంటి డాక్టర్ కుర్చీలోనే.