నీరు తేరుకుంది, మనుషులు ఎప్పుడు తేరుకుంటారు?

వానాకాలంలో భద్రాచలంలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా మూడు అంకెలు చెవిన పడతాయి: 43, 48, 53. గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 1990లో 70.8, 2022 జూలైలో 71.3. ఈ లెక్కలు అక్కడి పెద్దవాళ్లకు మనవళ్ల పుట్టినరోజుల కంటే బాగా గుర్తు. అక్కడ నమోదైన నీరు ధవళేశ్వరం చేరడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. అక్కడ మళ్లీ వేరే మూడు అంకెలు: 11.75, 13.75, 17.75 అడుగులు. నదిని మనం అంగుళాలతో సహా కొలుస్తాం. ఆ నదికి ఎదురు నిలవాల్సిన ఊరికి ఎంత సత్తువ ఉందో చెప్పే స్కేలు మాత్రం ఏ వంతెన స్తంభం మీదా గీసి ఉండదు.

అలాంటి స్కేలు అసలు సాధ్యమేనా అన్నది ఇరవై ఏళ్లుగా శాస్త్రవేత్తలు తలపట్టుకుంటున్న ప్రశ్న. ఆపదను తట్టుకుని మళ్లీ నిలదొక్కుకునే ఈ సత్తువను ఇంగ్లిషులో ‘రెజిలియెన్స్’ అంటారు. మన నిఘంటువులు దీనికి ‘స్థితిస్థాపకత’ అనే మాట ఇస్తాయి. అది రబ్బరుకు సరిపోతుంది, మనిషికి అతకదు. లాగి వదిలితే రబ్బరు ఉన్నచోటికే వస్తుంది. వరదలో మునిగిన కుటుంబం ఉన్నచోటికే వస్తే, వచ్చే ఏడు మళ్లీ మునుగుతుంది. నాకు నచ్చిన మాట మన ఇంట్లోనే ఉంది: తేరుకోవడం. బురద నీటిని బిందెలో కదలకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగి పైన తేట తేలుతుంది, నీళ్లు తేరాయంటాం. మూర్ఛపోయిన మనిషికి తెలివి వస్తే తేరుకున్నాడంటాం. వరద గురించి మాట్లాడటానికి ఇంతకంటే తగిన క్రియ ఏముంటుంది!

2024 సెప్టెంబరు 1, ఆదివారం. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణా ప్రవాహం ఆ రోజుల్లోనే 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది, బ్యారేజీ చరిత్రలో అదే రికార్డు. అందరి కళ్లూ కృష్ణ మీదే. నగరాన్ని ముంచింది మాత్రం పక్కనున్న బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే ఈ వాగు వరదను వెలగలేరు దగ్గర ఒక మళ్లింపు కాలువ ద్వారా బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి పంపుతారు. కానీ కృష్ణే నిండుకుండలా ఉంటే వాగు ఎక్కడికి పోతుంది? కాలువ గట్టుకు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. మేడల మీద ఉన్నవారికి డ్రోన్లతో అన్నం పొట్లాలు అందించాల్సి వచ్చింది. గండ్లు పూడ్చడానికి సైన్యం దిగింది.

తర్వాత ప్రభుత్వం నేల అంతస్తు మునిగిన ఇళ్లకు 25,000 రూపాయలు, పై అంతస్తుల వారికి 10,000 ప్రకటించింది. న్యాయమైన లెక్కే, కాదనను. అయితే అది నీటి ఎత్తును బట్టి వేసిన లెక్క. ఒకే వీధిలో, ఒకే ఎత్తున మునిగిన రెండు ఇళ్లను ఊహించండి. ఒక ఇంటాయన ఉద్యోగి. ఫ్రిజ్ పోయింది, మంచాలు పోయాయి, జీతం మాత్రం ఎప్పటిలాగే ఖాతాలో పడింది. రెండో ఇంటాయన ఆటో నడుపుతాడు. ఇంజిన్‌లోకి నీరు పోయింది. సామానుతోపాటు సంపాదన కూడా అదే రోజు ఆగిపోయింది. గోడ మీద బురద గీత రెండిళ్లలోనూ ఒకే ఎత్తులో ఉంటుంది.

ఈ తేడాను పట్టుకోవడానికి 2003లో మిషెల్ బ్రూనో అనే ఇంజినీరు, ఆయన సహచరులు ఒక బొమ్మ గీశారు. నిజానికి వాళ్లు ఆలోచించింది భూకంపాల గురించి, వరదల గురించి కాదు. ఒక ఊరి మామూలు బతుకును నూరు అనుకోండి. ఆపద రాగానే గీత ధబాలున పడిపోతుంది. తర్వాత మెల్లగా ఏటవాలుగా పైకి లేచి నూరును అందుకుంటుంది. పడిన లోతు, లేవడానికి పట్టిన కాలం కలిపితే ఒక త్రిభుజం. నష్టం అంటే ఆ త్రిభుజపు వైశాల్యం. లోతు తక్కువైనా కాలం సాగితే నష్టం పెద్దదే. టీవీ కెమెరాలు త్రిభుజం మొదటి మూల దగ్గర ఉంటాయి, చివరి మూల దగ్గర ఎవరూ ఉండరు.

అయితే ఈ త్రిభుజం ఆపద వచ్చాక గీసేది. రాకముందే ఊరి సత్తువ తెలియాలంటే? 2013లో జ్యూరిక్ అనే బీమా సంస్థ చొరవతో స్వచ్ఛంద సంస్థలు, పరిశోధకులు ఒక కూటమిగా ఏర్పడి దీనికోసం ఒక పద్ధతి తయారుచేశారు. తొలి దశలో తొమ్మిది దేశాల్లో 118 జనావాసాల్లో ప్రయత్నించి చూశారు. మొదట 88 అంశాలు అడిగేవారు. అంత జాబితా మోయలేక తర్వాత 44కు కుదించారు. ప్రతి అంశానికీ ఏ నుంచి డీ వరకు గ్రేడు ఇస్తారు. అంశాలన్నీ ఐదు గంపల్లో ఉంటాయి: మనుషుల తెలివి, ఆరోగ్యం ఒకటి, వాళ్ల మధ్య పొత్తు ఒకటి, రోడ్లు, కట్టలు, ఇళ్లు ఒకటి, చెరువులు, చెట్లు, నేల ఒకటి, డబ్బు ఒకటి. ఇంటింటి సర్వే, ఊరి పెద్దలతో మాటలు, గుంపుగా కూర్చోబెట్టి చర్చ, సర్కారు లెక్కలు, అన్నీ కలిపి గ్రేడు తేలుస్తారు.

కాగితం మీద పొడిగా ఉంటుంది కాబట్టి ఒక లంకలోకి దిగి చూద్దాం. గోదావరికి వరద వస్తే ముందుగా మునిగే వాటిలో కనకాయలంక కాజ్‌వే ఒకటి. ఏటా వార్తల్లోకి వస్తుంది. కాజ్‌వే మునిగితే పడవే దారి. సర్వే కాగితంలో ‘రెండో దారి ఉందా?’ అన్న గడిలో ‘ఉంది’ అని రాసుకుని వచ్చేయవచ్చు. కానీ అసలు ప్రశ్నలు ఆ గడి వెనక ఉంటాయి. పడవ నడిపేవాడు రాత్రి పిలిస్తే వస్తాడా? ఇంజిన్‌లో డీజిల్ ఎవరు పోస్తారు? నెలలు నిండిన గర్భిణిని నీరు రాకముందే ఆస్పత్రి ఉన్న ఊరికి చేర్చారా? పశువులను ఏటిగట్టు మీదికి తోలితే వాటికి మేత ఎక్కడిది? రేషన్ కార్డు, పాస్ పుస్తకం అటక మీద ఉన్నాయా, మంచం కింద పెట్టెలో ఉన్నాయా? ఈ చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. నష్టపరిహారం జాబితాలో పేరు ఎక్కించుకోవడానికి వెళ్లినప్పుడు తెలుస్తుంది దాని బరువు.

పొత్తు అనే గంప ఎందుకు ముఖ్యమో నేపాల్‌లోని కర్ణాలి నది చెబుతుంది. ఎగువన చిసాపానీ దగ్గర నీటిమట్టం చూసే మనిషి ఉంటాడు. ప్రమాదం కనిపిస్తే దిగువ గ్రామాల కమిటీలకు ఫోను చేస్తాడు. అక్కడ ఊరివాళ్లు చేత్తో తిప్పే సైరన్ మోగిస్తారు, ముసలివాళ్లను ఎవరు మోయాలో ముందే అనుకుని ఉంటారు. దీన్నంతటినీ ‘ముందస్తు హెచ్చరిక వ్యవస్థ’ అనేస్తాం, అదేదో యంత్రం అయినట్టు. నిజానికి అది మనిషికి మనిషి తగిలించిన గొలుసు. ఒక్క ఫోను ఎత్తకపోతే తెగుతుంది.

ఈ గ్రేడులను నేను పూర్తిగా నమ్మను. ఒక కారణం కట్టలు. భద్రాచలానికి కరకట్ట రక్షణే. కానీ బయటి నీరు రాకుండా తూములు మూస్తే లోపల పడిన వాన బయటికి పోదు, మోటార్లతో తోడాలి. అమెరికా భూగోళ శాస్త్రవేత్త గిల్బర్ట్ వైట్ 1940లలోనే హెచ్చరించారు: కట్ట ఉందన్న ధీమాతో దాని వెనకాల ఇళ్లు పెరుగుతాయి, కట్ట తెగిన రోజు నష్టం అన్ని రెట్లూ పెరుగుతుంది. సర్వేలో మంచి గ్రేడు తెచ్చే కట్టే గండి పడిన నాడు మెడకు చుట్టుకుంటుంది. బుడమేరు గట్టు అదే చూపించింది.

రెండోది సగటు. ఊరికి ఒక గ్రేడు ఇవ్వగానే ఊళ్లోని కౌలు రైతు కనిపించకుండా పోతాడు. గోదావరి డెల్టాలో పొలాలు చాలా వరకు కౌలు మీద సాగుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకు సాగు హక్కు పత్రం కావాలంటే భూ యజమాని సంతకం పెట్టాలి. చాలామంది యజమానులు పొలం చేజారుతుందేమోనని జంకి సంతకం పెట్టరు. పత్రం లేకపోతే పంట పోయినవాడి పేరు పరిహారం జాబితాకు ఎక్కడం కష్టం. అప్పు మాత్రం అతని పేరు మీదే. ఊరికి ‘బి’ గ్రేడు వచ్చిందని సంతోషిస్తున్నప్పుడు ఇతని గ్రేడు ‘డి’ దగ్గరే ఉంటుంది.

మూడోది కాలం. వరద తర్వాత జరిపే సర్వేలు చాలావరకు కొన్ని నెలల్లోనే ముగుస్తాయి. అప్పటికి రోడ్డు వేసి ఉంటుంది, కరెంటు వచ్చి ఉంటుంది, పిల్లలు బడికి పోతుంటారు. గీత నూరును అందుకున్నట్టే కనిపిస్తుంది. నన్ను అడిగితే సర్వేలో 45వ ప్రశ్న ఒకటి చేర్చమంటాను: ‘వరదప్పుడు ఇంట్లో బంగారం కుదువ పెట్టారా? విడిపించింది ఎప్పుడు?’ ఆటో ఇంజిన్ బాగుచేయించడానికి, నారు మళ్లీ పోయడానికి, తడిసిన పుస్తకాల స్థానంలో కొత్తవి కొనడానికి మన ఇళ్లలో ముందుగా కదిలేవి ఆ గాజులే. ఎక్కువగా అడగక్కర్లేదు, తాకట్టు రశీదు చూపించమంటే చాలు. పెట్టిన తేదీ దాని మీద ఉంటుంది. విడిపించిన తేదీకి కేటాయించిన గడి చాలా రశీదుల మీద ఇంకా ఖాళీగానే ఉంటుంది.