ఫ్యూజు కాపలా కాసేది వైరుకు

భీమవరం పక్క పల్లెలో చేపల చెరువులు సాగుచేసే మా మేనమామ పికప్ బండికి వెనకవైపు రెండు హాలోజన్ లైట్లు ఉండేవి. రాత్రిపూట చెరువు గట్టు మీద మేత బస్తాలు దించేటప్పుడు ఆ వెలుగే ఆధారం. నిరుడు వానాకాలంలో ఇంకో రెండు తగిలించారు. అప్పటి నుంచి లైట్లు వేసిన ఐదారు నిమిషాలకు ఫ్యూజు పోవడం మొదలైంది. బాగుచేసిన మెకానిక్ 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు తీసేసి, 30 ఆంపియర్ల ఆకుపచ్చది గుచ్చాడు. "లైట్లు రెట్టింపయ్యాయి, ఫ్యూజు కూడా రెట్టింపు చేశాం. సరిపోయింది కదరా" అన్నారు మామయ్య.

పది రోజులకు సీటు కింద కమురు వాసన వచ్చింది. తీసి చూస్తే వైరు మీది ప్లాస్టిక్ తొడుగు మెత్తబడి పక్క వైరుకు అతుక్కుపోయి ఉంది. ఆకుపచ్చ ఫ్యూజు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ ఫ్యూజు తన పని సరిగ్గానే చేసింది. దానికి అప్పజెప్పిన పనే తప్పు. ఫ్యూజు లైటును కాపాడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి బ్యాటరీ నుంచి లైటు దాకా వెళ్లే వైరు ఎంత కరెంటును మోయగలదో, అంతకు మించి పోనివ్వకుండా ఆపడమే దాని పని. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి కాలువల మధ్యే బతుకుతున్న డెల్టా రైతుకు ఇది కొత్త సంగతి కాదు. దిగువన మరికొన్ని ఎకరాలకు నీరు కావాలంటే ముందు కాలువను వెడల్పు చేసి, గట్లు పటిష్ఠం చేసి, ఆ తర్వాతే తల దగ్గరి తూము పెద్దది చేయాలి. తూము ఒక్కటే పెంచితే కాలువకు గండి పడుతుంది. మామయ్య బండిలో జరిగింది అదే.

లెక్క చూద్దాం. ఒక్కో లైటు 60 వాట్లు. రెండింటికి 120 వాట్లు. దాన్ని 12 వోల్టులతో భాగిస్తే 10 ఆంపియర్లు. నాలుగు లైట్లకు 20. పాత వైరు ఒక చదరపు మిల్లీమీటరుది. ఇది రాగి అడ్డుకోత వైశాల్యమే కాని వ్యాసం కాదు, పై తొడుగు మందం అసలే కాదు. అలాంటి రాగి వైరు మీటరు పొడవుకు సుమారు 0.0175 ఓమ్‌ల నిరోధం చూపుతుంది. వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని జేమ్స్ జౌల్ 1840ల తొలినాళ్లలోనే తేల్చాడు. 10 ఆంపియర్ల దగ్గర మీటరుకు 1.75 వాట్ల వేడి పుడితే, 20 దగ్గర 7 వాట్లు పుడుతుంది. లైట్లు రెట్టింపయితే వేడి నాలుగింతలయింది! ఆ వైరు మరో పది వైర్లతో కలిపి టేపు చుట్టి, గాలి ఆడని చోట ఉంది. మెత్తబడక ఏం చేస్తుంది?

మరి నీలం ఫ్యూజు వెంటనే పోకుండా ఐదారు నిమిషాలు ఎందుకు ఆగింది? ఫ్యూజు మీద రాసిన అంకె దాటగానే అది తెగిపోదు. లోపలి సన్నని లోహపు పట్టీ వేడెక్కి కరగడానికి సమయం కావాలి. కార్లలో వాడే బ్లేడు ఫ్యూజు తన అంకెకు 1.35 రెట్లు కరెంటును పది నిమిషాల వరకు కూడా భరించవచ్చు. రెండింతలు పోతే మాత్రం 5 సెకన్ల లోపే తెగాలి. 15కు 20 అంటే 1.33 రెట్లు. అంటే ఆ నీలం ఫ్యూజు రోజూ ఐదారు నిమిషాలు ఓర్చుకుని, వైరు బరువు మోయలేకపోతోందని తెగిపోయి మరీ చెప్పింది. వినలేదు మనం.

ఇప్పుడు వైరింగు మార్చాం. చాలాసేపు వెలిగే లైట్లు లాగే కరెంటు ఫ్యూజు అంకెలో 80 శాతం దాటకూడదు. 20ని 0.8తో భాగిస్తే 25 ఆంపియర్లు, అంటే రంగులేని ఫ్యూజు. 25 ఆంపియర్లను చల్లగా మోయడానికి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు తీసుకున్నాం. రెండున్నరది కూడా మోయగలదు కాని, ఐదు మీటర్ల దూరానికి అందులో 0.7 వోల్టులు తరుగుతాయి. లావు వైరులో ఆ తరుగు 0.44 మాత్రమే. లైట్లు తేటగా వెలుగుతాయి. స్విచ్చు మీద ఈ కరెంటు బరువంతా పడకుండా రిలే పెట్టాం, అంటే స్విచ్చు నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, ఆపే పరికరం. చాసిస్‌కు, అంటే బండి ఇనుప చట్రానికి, వెళ్లే ఎర్త్ వైరును కూడా అంతే లావుది వేశాం. ఒక హెచ్చరిక: చవకగా దొరికే వైర్లలో కొన్ని లోపల అల్యూమినియం, పైన రాగి పూత. అల్యూమినియం రాగి కన్నా బాగా తక్కువ కరెంటు మోస్తుంది. కొనే ముందు కొస గీకి చూడండి, లోపల తెల్లగా ఉంటే వద్దు.

ఫ్యూజు ఎక్కడ ఉండాలన్నది అంతే ముఖ్యం. బ్యాటరీ దగ్గరే, జానెడు, మహా అయితే మూరెడు దూరంలో ఉండాలి. బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య ఉన్న వైరుకు ఏ కాపలా ఉండదు. అది ఎక్కడైనా ఇనుముకు రాసుకుంటే బ్యాటరీ వందల ఆంపియర్లు ఒక్కసారిగా కుమ్మరిస్తుంది.

అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలిలో తిరిగే బండ్లకు ఇంకో ప్రమాదం ఉంది. ఫ్యూజు గుచ్చే చోట రాగి, ఇత్తడి చిలుము పడతాయి. ఆ చిలుము 0.02 ఓమ్‌ల నిరోధం చూపినా చాలు, 20 ఆంపియర్లకు గోరంత చోట 8 వాట్ల వేడి పుడుతుంది. కరెంటు పెరగలేదు కనుక ఫ్యూజు తెగకుండానే దాని ప్లాస్టిక్ గూడు కరిగిపోవచ్చు. మూత గట్టిగా పట్టే గూడు కొనండి. అరగంట లైట్లు వెలిగించి, ఆపాక ఆ గూడును వేలితో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే ఫ్యూజు తీసి, చిలుము గీకి, కాళ్లు వదులయి ఉంటే గూడునే మార్చండి.