కరెంటు కంపెనీ ఉద్యోగుల విరాళాలు: వందేళ్ల నేపథ్యం

అమెరికాలో ఎన్నికల విరాళాల లెక్కలు ఎవరైనా చూడొచ్చు. ఫెడరల్ (అంటే జాతీయ స్థాయి) అభ్యర్థికి 200 డాలర్లకు మించి ఇచ్చినవారు ఎక్కడ పనిచేస్తున్నారో కూడా అందులో ఉంటుంది. అందుకే ఒకే కరెంటు కంపెనీ మేనేజర్లు ఒకేసారి ఒకే నాయకుడికి చెక్కులిస్తే విలేకరుల కంట పడుతుంది. సొంత డబ్బు, సొంత ఇష్టంతో ఇస్తే అది పౌరుడి హక్కు. అయినా అనుమానం వస్తుంది. ఎందుకంటే ఈ రంగం గతం అలాంటిది.

కంపెనీలు ఫెడరల్ అభ్యర్థులకు డబ్బివ్వకూడదని 1907లోనే టిల్మన్ చట్టం చెప్పింది. కానీ కంపెనీ యజమానుల జేబు వేరు. 1926లో షికాగో విద్యుత్ దిగ్గజం శామ్యూల్ ఇన్సల్, సెనేట్‌కు పోటీచేస్తున్న ఫ్రాంక్ స్మిత్‌కు లక్ష డాలర్లకు పైగా ఇచ్చాడు. అప్పటికి స్మిత్ ఎవరు? ఇన్సల్ కంపెనీల చార్జీలు నిర్ణయించే ఇల్లినాయ్ రాష్ట్ర కమిషన్‌కు ఛైర్మన్! స్మిత్ గెలిచాడు కానీ సెనేట్ అతన్ని సభలో కూర్చోనివ్వలేదు. 1932లో ఇన్సల్ సామ్రాజ్యం కూలాక, 1935 హోల్డింగ్ కంపెనీల చట్టం నమోదైన విద్యుత్ హోల్డింగ్ కంపెనీలనూ (ఇతర కంపెనీల వాటాలు చేతిలో పెట్టుకుని నడిపించేవి) వాటి అనుబంధ సంస్థలనూ ఫెడరల్, రాష్ట్ర, స్థానిక ఎన్నికలన్నిటా విరాళాలివ్వకుండా కట్టడి చేసింది.

అప్పుడు ఉద్యోగులు దారి అయ్యారు. సెయింట్ లూయిస్‌లోని యూనియన్ ఎలక్ట్రిక్‌లో ఉద్యోగుల ఖర్చుల బిల్లులు పెంచి రాయించారు. లాయర్లకు, కాంట్రాక్టర్లకు ఎక్కువ ఫీజు చెల్లించి, కొంత నగదుగా వెనక్కి తీసుకున్నారు. అలా పోగైన రహస్య నిధి రాజకీయ నాయకులకు చేరింది. కంపెనీ అధ్యక్షుడు లూయిస్ ఈగన్‌కు పడిన శిక్షను 1943లో అప్పీలు కోర్టు ఖాయం చేసింది. నా దృష్టిలో ఈ కథ మొత్తానికి గుండెకాయ ఈ కేసే. ఆ డబ్బు చివరికి వినియోగదారుడు కట్టిన బిల్లు నుంచి వచ్చిందే. నచ్చకపోతే ఇంకో కంపెనీకి మారే వీలు అతనికి లేదు.

1970ల సంస్కరణలు మరొకరి పేరుతో విరాళమివ్వడాన్ని నిషేధించాయి, కంపెనీల పొలిటికల్ యాక్షన్ కమిటీలకు (ఉద్యోగుల దగ్గర విరాళాలు పోగుచేసి అభ్యర్థులకిచ్చే సంఘాలు) మాత్రం నిబంధనలతో తలుపు తెరిచాయి. మేనేజర్లను ఎన్నిసార్లైనా అడగొచ్చు. కింది ఉద్యోగులనైతే ఏడాదికి రెండుసార్లే, ఇంటికి ఉత్తరం రాసి అడగాలి. ఇవ్వనంటే ఏ ఇబ్బందీ ఉండదని ముందే చెప్పాలి. కాగితం మీద బాగానే ఉంది. జీతం పెంచే బాస్ స్వయంగా అడిగితే ఎందరు కాదనగలరు?

1935 చట్టాన్ని 2005లో రద్దు చేశారు. దాంతో ఆ ప్రత్యేక నిషేధమూ పోయింది. అదే ఏడాది కనెటికట్ రాష్ట్రం ఎదురు దిశలో నడిచింది. గవర్నర్ జాన్ రోలండ్ అవినీతి కేసులో జైలుకెళ్లాక, ప్రభుత్వ కాంట్రాక్టులున్న సంస్థల ముఖ్యులు రాష్ట్ర అభ్యర్థులకు విరాళాలివ్వకూడదని చట్టం చేసింది. 2013లో అలాంటి కాంట్రాక్టులున్న విద్యుత్ సంస్థ నార్త్‌ఈస్ట్ యుటిలిటీస్ అధినేత, అప్పటి కనెటికట్ గవర్నర్ మల్లాయ్ మళ్లీ గెలవడం కోసం విరాళాలివ్వమని తన కింది మేనేజర్లకు మెయిల్ పెట్టారు. డబ్బు వెళ్లింది మల్లాయ్ పార్టీ అయిన రాష్ట్ర డెమొక్రటిక్ పార్టీ ఫెడరల్ ఖాతాలోకి, అంటే జాతీయ ఎన్నికల కోసం విడిగా ఉంచే ఖాతాలోకి. రాష్ట్ర నిషేధం ఆ ఖాతాకు వర్తించదని పార్టీ వాదించింది. మల్లాయ్‌ను పొగిడే ప్రచార పత్రాలకు ఆ ఖాతా సొమ్మే వాడటంతో రాష్ట్ర ఎన్నికల సంఘం విచారణకు దిగింది. 2016లో పార్టీ 3,25,000 డాలర్లు కట్టేందుకు ఒప్పుకుని రాజీ చేసుకుంది. ఆ మెయిల్ అందుకున్న మేనేజర్లు ఇష్టపడి ఇచ్చారా, భయపడి ఇచ్చారా అన్నది ఆ రాజీ తేల్చలేదు.