పూజ గదిలో జీరో బల్బు ఎంత తింటుంది?

ఇంట్లో బల్బులన్నీ ఎల్‌ఈడీకి మార్చినా కరెంటు బిల్లు అనుకున్నంత తగ్గలేదు, ఎందుకని ఒక పాఠకురాలు అడిగారు. ఉత్తరం చివర ఇంకో మాట రాశారు: "పూజ గదిలో ఎర్ర జీరో బల్బు మాత్రం మార్చలేదు. అత్తయ్యగారు దాన్ని ఆర్పనివ్వరు. అయినా అది జీరో వాటే కదండీ!" బిల్లు సంగతి తరువాత. ముందు ఆ జీరో లెక్క తేలాలి.

కరెంటు తినకుండా ఏ బల్బూ వెలగదు. జీరో బల్బులో ఉన్నదీ ఫిలమెంటే (వేడెక్కి వెలిగే సన్న తీగ), అది 12 నుంచి 15 వాట్ల దాకా లాగుతుంది. అల్యూమినియం చక్రం తిరిగే పాత మీటర్లలో ఆ ఒక్క బల్బే వెలుగుతుంటే చక్రం కదిలీ కదలనట్టు ఉండేది. దాంతో అది లెక్కలోకి రాదన్న నమ్మకం పాతుకుపోయింది. ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటరుకు ఆ మొహమాటం లేదు. 15 వాట్ల బల్బు రాత్రీ పగలూ వెలిగితే రోజుకు 0.36 యూనిట్, ఏడాదికి 131 యూనిట్లు. హాల్లో 9 వాట్ల ఎల్‌ఈడీ రోజూ ఐదు గంటలు వెలిగితే ఏడాదికి 16 యూనిట్ల పైచిలుకు. ఎనిమిది ఎల్‌ఈడీలు కలిసి తినేంత ఆ ఒక్క చిన్న బల్బు తింటోందన్నమాట. దీపం ఆరకూడదన్న నియమాన్ని నేను తప్పు పట్టను. ఆ దీపం 15 వాట్లదే అయి ఉండాలని మాత్రం ఏ శాస్త్రంలోనూ లేదు. అర వాటు ఎల్‌ఈడీ పెడితే ఏడాది పొడవునా ఆర్పకపోయినా నాలుగున్నర యూనిట్లు దాటదు.

మరి ఇంత తిని అది ఇచ్చే వెలుతురులో పేపరు కూడా చదవలేమెందుకు? కరెంటంతా ఎటు పోతోంది? ఇది నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న, కాబట్టి కాస్త ఓపిక పట్టాలి.

కమ్మరి కొలిమిలో ఇనుప కడ్డీ పెట్టి తిత్తి ఊదుతుంటే కాసేపటి వరకూ కడ్డీ రంగు మారదు, కానీ చెయ్యి దగ్గరకు తెస్తే సెగ తగులుతుంది. తరువాత ముదురు ఎరుపు, ఆపైన నారింజ, ఇంకా కాలితే పసుపు. ఆ రంగు చూసే కమ్మరి సుత్తి ఎత్తుతాడు, థర్మామీటరుతో పని లేదు. ఫిలమెంటు బల్బు గాజు బుడ్డిలో పెట్టిన కొలిమి. కడ్డీ ఎర్రబడక ముందు మన చేతికి తగిలిన సెగ కంటికి కనిపించని పరారుణ కిరణాలది. కడ్డీ పసుపుగా మారినంత మాత్రాన ఆ సెగ ఆగిపోదు, ఇంకా పెరుగుతుంది. దానికి తోడుగా కాస్త వెలుతురు కూడా వస్తుంది, అంతే.

ఎంత కాస్త? వేడి వస్తువు ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎక్కువగా ప్రకాశిస్తుందో చెప్పే వీన్ సూత్రం చాలా తేలిక: 2898ని కెల్విన్లలో ఉష్ణోగ్రతతో భాగిస్తే జవాబు మైక్రాన్లలో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వస్తుంది. 60 వాట్ల బల్బు ఫిలమెంటు సుమారు 2700 కెల్విన్లు, అంటే 1.07 మైక్రాన్లు. మన కంటి చూపు 0.7 దగ్గరే ఆగిపోతుంది. బల్బు అన్నిటికన్నా బలంగా వెలిగే చోటే మనకు చీకటి! ఆ శిఖరాన్ని కంటికి అందే 0.55 మైక్రాన్ల దగ్గరికి తేవాలంటే ఫిలమెంటు 5270 కెల్విన్లకు చేరాలి. లోహాలన్నిటిలోకీ ఆలస్యంగా కరిగే టంగ్‌స్టన్ కూడా 3695 దగ్గరే కరిగిపోతుంది. ఎడిసన్ తరువాత నూరేళ్ళకు పైగా ఎందరు ఎన్ని మెరుగులు దిద్దినా ఈ గోడను దాటలేకపోయారు. ఇక జీరో బల్బు తీగ మరీ సన్నం. ఎక్కువ వేడెక్కితే త్వరగా ఆవిరై తెగిపోతుంది కాబట్టి దాన్ని ఇంకా చల్లగా నడపాలి. పైగా గాజుకు రంగు పూత. ఎరుపు పూత కొంత నయం, ఫిలమెంటు కాంతిలో ఎరుపు దండిగా ఉంటుంది. పడక గదిలో నీలం జీరో బల్బు పెట్టుకునేవారిని తలచుకుంటేనే నాకు బాధ. నీలం అతి తక్కువగా ఉన్న కాంతిలోంచి నీలాన్ని ఏరుకోవడం అది!

పల్లెలో లో వోల్టేజి చూసినవారికి ఇదంతా అనుభవమే. పొలాల్లో మోటార్లు వేసేసరికి 230 వోల్టులు 180కి పడిపోతాయి, బల్బు ఎర్రబారుతుంది. ఫిలమెంటు వెలుతురు వోల్టేజికి సుమారు 3.4వ ఘాతంలో, వాడే కరెంటు 1.6వ ఘాతంలో మారతాయి. లెక్క కడితే 180 వోల్టుల దగ్గర వెలుతురు 43 శాతానికి పడుతుంది, కరెంటు మాత్రం 68 శాతం దగ్గరే ఉంటుంది. 60 వాట్ల బల్బు 40 వాట్లు తింటూ, నిజమైన 40 వాట్ల బల్బు కన్నా తక్కువ వెలుగుతుంది. వోల్టేజి తగ్గితే కరెంటైనా ఆదా అవుతోందని సంతోషించేవారికి ఈ జవాబు చాలు. మోటార్లు ఆగాక వోల్టేజి పది శాతం ఎగిరిందంటే బల్బు ఆయుష్షు మూడో వంతు కన్నా తక్కువకు పడిపోతుంది.

దీపాలు పెట్టే వేళ బల్బు ఠప్పున పోతే అపశకునమని పెద్దలు అంటారు. చల్లటి ఫిలమెంటు నిరోధం, వేడి ఫిలమెంటు నిరోధంలో పదో వంతుకు మించదు. స్విచ్ వేసిన క్షణంలో పది రెట్లకు పైగా కరెంటు దూకుతుంది, అప్పటికే అరిగిన చోట తీగ తెగుతుంది. బల్బు పోయేది స్విచ్ వేసినప్పుడు, మనం స్విచ్ వేసేది సంధ్య వేళ. ఇందులో దేవుడి ప్రమేయం కనిపించదు. ఫిజిక్సు మాస్టార్లు ఓమ్ సూత్రం చెప్పేటప్పుడు ఈ ఒక్క ఉదాహరణ చెబితే పిల్లలు జన్మలో మరచిపోరు.

ఎల్‌ఈడీకి ఈ కొలిమితో పనే లేదు. గాలియం నైట్రైడ్‌లో కాస్త ఇండియం కలిపిన స్ఫటికంలో ఎలక్ట్రాన్ పై శక్తి స్థాయి నుంచి కిందికి దిగుతూ 2.76 ఎలక్ట్రాన్ వోల్టుల (ఇంత చిన్న శక్తిని కొలిచే ప్రమాణం) శక్తిని ఒక్క ఫోటాన్‌గా, అంటే ఒక్క కాంతి రేణువుగా విడిచిపెడుతుంది. అది 450 నానోమీటర్ల, అంటే 0.45 మైక్రాన్ల నీలి కాంతి. ఎర్ర ఎల్‌ఈడీ 1962లోనే వచ్చినా, ఇంటికి పనికొచ్చే తెల్లటి వెలుతురు కోసం ఈ నీలం దాకా ఆగాల్సి వచ్చింది. దాన్ని సాధించిన అకసాకి, అమనో, నకమురాలకు 2014లో నోబెల్ ఇచ్చారు. ఆ నీలంలో కొంత భాగాన్ని పసుపు ఫాస్ఫర్ పూత పసుపుగా మారుస్తుంది, నీలం పసుపు కలిసి కంటికి తెలుపు. ఎల్‌ఈడీకి ముందు వచ్చిన మెలికల గొట్టం బల్బు సీఎఫ్‌ఎల్ ఓడిపోయింది ఇక్కడే. అందులో పాదరసం 254 నానోమీటర్ల అతినీలలోహిత కిరణాలు ఇస్తుంది, ఒక్కో ఫోటాన్‌కు 4.9 ఎలక్ట్రాన్ వోల్టులు. దాన్ని కనిపించే కాంతిగా దించేసరికి సగానికి పైగా శక్తి వేడిగా పోతుంది. నీలాన్ని పసుపుకు దించడంలో పోయేది ఐదో వంతు. ఫలితంగా పాత బల్బు వాటుకు 12 ల్యూమెన్లు (వెలుతురు కొలత) ఇస్తే, ఎల్‌ఈడీ 100 దాకా ఇస్తుంది. పైగా వోల్టేజి ఊగినా లోపలి డ్రైవరు అనే చిన్న సర్క్యూటు కరెంటును నిలకడగా ఉంచుతుంది.

అలాగని ఎల్‌ఈడీ చిరంజీవి కాదు. పోయిన ఎల్‌ఈడీ బల్బు తెల్లటి టోపీ ఊడదీసి చూడండి. అల్యూమినియం బిళ్ళ మీద పసుపు గింజలు వరసగా ఉంటాయి, చాలాసార్లు వాటిలో ఒక దాని మీద సూదిమొనంత నల్ల చుక్క కనిపిస్తుంది. అన్నీ ఒకే వరసలో కలిపి ఉంటాయి కాబట్టి అది ఒక్కటి పోతే అన్నీ ఆరిపోతాయి. కారణం వేడే. ఫిలమెంటుకు వేడి ప్రాణం, ఎల్‌ఈడీకి విషం. తినే కరెంటులో సగానికి పైగా ఇందులోనూ వేడిగానే మారుతుంది, కానీ అది కిరణాలుగా ఎగిరిపోదు, బిళ్ళ గుండా పాకి బయటికి పోవాలి. గాలాడని గాజు గిన్నెలో బిగిస్తే తొందరగా చావడం అందుకే. కోళ్ళ ఫారాల్లో పిల్లలకు వెచ్చదనం కోసం పాత బల్బులు వేలాడదీసేవారు మాత్రం ఇప్పటికీ వాటిని వదలరు. వాళ్ళకు కావలసింది సెగే కదా!

ధర సంగతి రెండు మాటల్లో. 2014లో ప్రభుత్వ సంస్థ ఈఈఎస్‌ఎల్ ఒక్కో ఎల్‌ఈడీని 310 రూపాయలకు కొన్నది, 2016 నాటికి అది 38 రూపాయలకు దిగింది. గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లాల్లో పాత బల్బు తెచ్చిస్తే పది రూపాయలకే ఎల్‌ఈడీ ఇచ్చిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి.

ఇక బిల్లు. 60 వాట్ల బల్బు తీసి 9 వాట్లది పెడితే, రోజుకు ఐదు గంటల లెక్కన ఏడాదికి 93 యూనిట్లు మిగులుతాయి. సీఎఫ్‌ఎల్ తీసి పెట్టి ఉంటే వాటి మధ్య తేడా ఐదారు వాట్లే, ఏడాదికి పది యూనిట్లు మిగిలితే గొప్ప. ఈ పాఠకురాలి ఇంట్లో జరిగింది బహుశా ఇదే. ఒక ఊరట ఏమిటంటే, మిగిలే యూనిట్లు ఎప్పుడూ పై స్లాబులోంచే తగ్గుతాయి, అంటే మీరు కట్టే రేట్లలో అన్నిటికన్నా ఖరీదైన దానిలోంచి. తెలంగాణలో నెలకు 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ల రేటు కూడా మారిపోతుంది కాబట్టి, 205 దగ్గర ఉన్న ఇంట్లో పూజ గది బల్బు మారిస్తే నెలకు మిగిలే 10 యూనిట్ల విలువ చాలా ఎక్కువ.

ఇంకా తగ్గించాలంటే తలెత్తి ఫ్యాను వంక చూడాలి. పాత ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని, తక్కువ కరెంటు తినే) మోటారు ఉన్నది 30 వాట్ల లోపు. రోజుకు పదిహేను గంటలు తిరిగే ఒక్క ఫ్యాను మార్చినా నెలకు 20 యూనిట్లు తగ్గుతాయి.