ఫాంటసీ మ్యాపులు: నా షాపులో రోజూ వినే అపోహలు

మహబూబ్‌నగర్‌లో నాది చిన్న డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, ప్రశ్నపత్రాల మధ్య ఫాంటసీ నవలలు రాసే కుర్రాళ్లకు మ్యాపులు కూడా గీసిపెడతాను. చాలామంది ఇంగ్లీషు రచయిత టోల్కీన్ నవల 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' పిచ్చితో వచ్చేవాళ్లే. అందరూ చదివారని మాత్రం అనను. శత్రువు చేసిన ఉంగరాన్ని, అతని దేశం మోర్డోర్‌లోని అగ్నికొండలో పడేయడానికి ఫ్రోడో, శామ్ అనే ఇద్దరు హాబిట్లు (పొట్టి జాతివాళ్లు) పోయే కథ అది.

అపోహ: ఊహాలోకమే కదా, నది ఎటైనా పారొచ్చు.

వాస్తవం: పారదు. మొన్న ఒకతను తెచ్చిన మ్యాపులో ఒకే నది నడి మైదానంలో రెండుగా చీలి, చెరో సముద్రానికి పోయింది. "తమ్ముడూ, మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. తుంగభద్ర ఆలంపూర్ దాటాక కలుస్తుంది. పోనుపోను నదులు కలవాలి గానీ ఇట్ల విడిపోతాయా?" అన్నాను. టోల్కీన్ ముందు మ్యాప్ పెట్టుకుని, కథను దానికి తగ్గట్టు నడిపానని చెప్పుకున్నాడు. అంతటి ఆయన కూడా మోర్డోర్‌కు మూడు దిక్కులా ప్రహరీ కట్టినట్టు కొండలు పెట్టాడు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అపోహ: ప్రయాణం ఒక పేరాలో తేల్చేయొచ్చు.

వాస్తవం: ఆ నవలలో సగం నడకే. రివెండెల్ అనే చోటు నుంచి డిసెంబర్ 25న బయల్దేరితే ఉంగరం అగ్నికొండలో పడేసరికి మార్చి 25. ఫ్రోడో ఊరు హాబిటన్‌కు, మోర్డోర్ దగ్గరి మినాస్ తిరిత్ నగరం 600 మైళ్ల దక్షిణాన ఉంటుందని టోల్కీనే ఒక ఉత్తరంలో రాశాడు. అంటే 960 కిలోమీటర్ల పైమాటే. నల్గొండ నుంచి హైదరాబాద్‌కు వంద. చివరి రోజుల్లో ఫ్రోడో, శామ్‌ల బతుకంతా ఆకుల్లో చుట్టిన లెంబాస్ రొట్టెలు ఎన్ని మిగిలాయన్న లెక్క మీదే. మా నాయన బొంబాయి పనికి పోయేటప్పుడు అమ్మ సద్దిమూటలో ఎండు జొన్నరొట్టెలు, పల్లికారం కట్టేది. రొట్టెలు లెక్కపెట్టి, మధ్యలో ఎక్కడా కొనుక్కోవద్దని మరీ చెప్పేది. అందుకే ఆ అధ్యాయాలు బోర్ అన్నవాళ్లతో నాకు పేచీ.

అపోహ: ఆ కథలోని జాతులు ఎల్ఫులు, డ్వార్ఫులు, హాబిట్లకు వేషమే తేడా.

వాస్తవం: తేడా మాటలో ఉంది. టోల్కీన్ భాషల ప్రొఫెసర్. భాషలు ముందు అల్లుకుని, వాటికి ఒక లోకం తర్వాత కట్టాడు. ఒకే మాంత్రికుడు ఉత్తరాదివాళ్లకు గాండాల్ఫ్, ఎల్ఫులకు మిత్రాందిర్, డ్వార్ఫులకు థార్కున్. మనకు ఇదేం కొత్త? బస్సు బోర్డు మీద మహబూబ్‌నగర్, లోపల కూర్చున్నవాళ్ల నోట పాలమూరు.

అపోహ: హాబిట్లంటే చిన్నపిల్లలు.

వాస్తవం: ఇల్లు విడిచేనాటికి ఫ్రోడోకు 50 ఏళ్లు.

అపోహ: ఆ కథలోని పెద్ద గద్దలెక్కి మోర్డోర్‌కు పోతే ఒక్కరోజు పని.

వాస్తవం: ఇది అడగని కుర్రాడు లేడు. శత్రువు కంట పడకుండా పోవడమే అక్కడి ప్లాన్. పైగా గద్దలు ఎవరి పాలేర్లూ కావు.

నది చీల్చిన కుర్రాడు నిన్న మళ్లీ వచ్చాడు. నది సరిచేశాడు. హీరో ప్రయాణం ఒక్క రాత్రి నుంచి పంతొమ్మిది రోజులైంది. ఏడో రోజు రొట్టెలకు బూజు కూడా పట్టించాడు. మ్యాప్ డబ్బులు మాత్రం వచ్చే నెల ఇస్తాడట.