ముక్కలయ్యాక నమ్మిన పరమాణువు

హైస్కూల్ సైన్స్ పుస్తకంలో పదార్థం పాఠం తెరవగానే ఒక వాక్యం కనబడుతుంది: పదార్థమంతా కణాలతో తయారైంది. పిల్లలు బట్టీ పడతారు, పరీక్షలో రాస్తారు, ఒక మార్కు తెచ్చుకుంటారు. ఆ వాక్యం మీద నూరేళ్లు పేచీ నడిచిన సంగతి మాత్రం వాళ్లకు ఎవరూ చెప్పరు. పరమాణువు లోపలి ముక్కను బయటికి లాగిన తర్వాత కూడా, అసలు పరమాణువే లేదని వాదించిన పెద్ద శాస్త్రవేత్తలు ఉన్నారు.

ముందు మన మాటల సంగతి. పాఠ్యపుస్తకంలో ఆటం అంటే పరమాణువు, మాలిక్యూల్ అంటే అణువు. పేపర్లో మాత్రం ఆటం బాంబు అణుబాంబు అవుతుంది. పుస్తకం లెక్కన హిరోషిమా మీద పడింది మాలిక్యూల్ బాంబన్నమాట! నవ్వుకోవచ్చు గానీ, ఇదే తికమక యూరప్ రసాయన శాస్త్రాన్ని యాభై ఏళ్లు ఏడిపించింది.

పరమాణువు అన్న మాట మనకు కణాదుడి వైశేషిక దర్శనం నుంచి వచ్చింది. రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకం, మూడు ద్వ్యణుకాలు కలిస్తే త్ర్యణుకం. కిటికీ సందులోంచి పడే ఎండలో తేలే నలుసే ఆ త్ర్యణుకమని, కంటికి ఆనే వాటిలో అదే అతి చిన్నదని చెప్పారు. అంటే నలుసుకు ఆరు పరమాణువులు. నిజానికి అవి లక్షల కోట్లలో ఉంటాయి. గ్రీసులో డెమోక్రిటస్ కూడా, విడగొట్టుకుంటూ పోతే ఇక విడగొట్టలేనిది ఒకటి మిగలాలన్నాడు. ఇద్దరిదీ గట్టి తర్కమే. కానీ తర్కం తూకం వేసి చూపించదు. కణాదుడే అంతా కనిపెట్టేశాడని చెప్పుకునేవాళ్లు ఈ తేడాను దాటేస్తారు.

తూకం వేసినవాడు మాంచెస్టర్‌లో పాఠాలు చెప్పుకునే జాన్ డాల్టన్. 12 గ్రాముల కార్బన్‌తో 16 గ్రాముల ఆక్సిజన్ కలిస్తే ఒక వాయువు వస్తుంది, సరిగ్గా దానికి రెట్టింపు, 32 గ్రాములు కలిస్తే ఇంకొకటి. వాటి మధ్యలో ఇరవయ్యో ఇరవై అయిదో కలిసి మరో వాయువు రాదు. పాలు ఎంతంటే అంత కొలిచి పోయించుకోవచ్చు, గుడ్లు మాత్రం లెక్కపెట్టి కొనాలి. పదార్థం పాల లాంటిది కాదు, గుడ్ల లాంటిదన్నాడు డాల్టన్. 1803లో తొలి పరమాణు భారాల పట్టిక వేశాడు, 1808లో పుస్తకం తెచ్చాడు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, నీటిలో హైడ్రోజన్ ఒకటి, ఆక్సిజన్ ఒకటి అని ఆయన ఊహించుకున్నాడు. దాంతో మిగతా లెక్కలూ తప్పాయి. 1811లో ఇటలీ నుంచి అవగాడ్రో సరైన దారి చూపించినా పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు ఒక్కొక్కరు ఒక్కో ఫార్ములా రాసుకున్నారు. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లానికి చలామణిలో ఉన్న 19 రకాల ఫార్ములాలను జర్మన్ రసాయన శాస్త్రవేత్త కెకూలే తన పుస్తకంలో వరసగా అచ్చువేశాడు. విసిగిపోయిన ఫ్రెంచి శాస్త్రవేత్త డ్యూమా, నా చేతిలో ఉంటే ఆటం అనే మాటనే సైన్స్ నుంచి కొట్టేస్తానన్నాడు. చివరికి 1860 సెప్టెంబరులో జర్మనీలోని కార్ల్‌స్రూహ్‌లో రసాయన శాస్త్రవేత్తలు మహాసభ పెట్టుకున్నారు. దేన్ని ఆటం అనాలి, దేన్ని మాలిక్యూల్ అనాలి అన్నది అక్కడి పెద్ద పంచాయితీ. తీర్మానమేమీ తేలలేదు గానీ, వెళ్లేవాళ్ల చేతుల్లో ఇటలీ రసాయన శాస్త్రవేత్త కన్నిజారో రాసిన చిన్న పుస్తకం పెట్టారు. అవగాడ్రో మాటే సరైనదని అందులో ఉంది. అక్కడికి వచ్చిన కుర్రవాళ్లలో, తర్వాత మూలకాల ఆవర్తన పట్టిక వేసిన మెండలీవ్ ఒకడు.

లెక్కలు కుదిరాయి. అయినా అది లెక్కల సౌకర్యమే తప్ప నిజంగా కణాలున్నాయని కాదు అనేవాళ్లు మిగిలారు. వాళ్లేమీ అల్లాటప్పా మనుషులు కారు. వియన్నాలో ఎర్నెస్ట్ మాక్, లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ ఓస్ట్‌వాల్డ్. ఎవరైనా ఆటం పేరెత్తితే, నువ్వు ఒకటి చూశావా అని మాక్ అడిగేవాడట. న్యాయమైన ప్రశ్నే. 1895లో ల్యూబెక్‌లో జరిగిన సభలో ఓస్ట్‌వాల్డ్ పక్షం ఒకవైపు, లుడ్విగ్ బోల్ట్‌జ్‌మన్ మరోవైపు హోరాహోరీగా వాదించుకున్నారు. వేడి అంటే కణాల పరుగులేనని బోల్ట్‌జ్‌మన్ వాదన.

ఇంత గొడవ నడుస్తుండగానే, 1897లో కేంబ్రిడ్జ్‌లో జె.జె. థామ్సన్ గాలి తీసేసిన గాజు గొట్టంలో కరెంటు పంపితే రుణ ధ్రువం నుంచి వెలువడే కాథోడ్ కిరణాలను వంచి చూశాడు. హైడ్రోజన్ పరమాణువు కన్నా వెయ్యి రెట్లకు పైగా తేలికైన కణం అందులో ఉందని తేల్చాడు. అదే ఎలక్ట్రాన్. ఆ పేరు 1891లోనే విద్యుత్ ఆవేశపు ప్రమాణానికి ఐర్లండ్ శాస్త్రవేత్త స్టోనీ పెట్టి ఉంచాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! థామ్సన్ ఉపన్యాసం విన్న ఒక పేరున్న భౌతిక శాస్త్రవేత్త, ఆయన మమ్మల్ని ఆట పట్టిస్తున్నాడేమో అనుకున్నానని తర్వాత చెప్పాడు.

మాక్ ప్రశ్నకు జవాబు మొదలైంది ఒక వృక్ష శాస్త్రవేత్త మైక్రోస్కోపు కింద. 1827లో రాబర్ట్ బ్రౌన్ పుప్పొడి నీళ్లలో నాని వెలువడిన సూక్ష్మ రేణువులు ఆగకుండా అల్లాడడం చూశాడు. పుప్పొడి గింజలే కదిలాయని చాలాచోట్ల రాస్తారు, అది తప్పు. గింజలు అంత కదలలేనంత పెద్దవి. ప్రాణం ఉన్నందుకు కదులుతున్నాయేమోనని బ్రౌన్ రాతిపొడి కూడా వేసి చూశాడు, ఈజిప్టు స్ఫింక్స్ ముక్కతో సహా. అదీ అల్లాడింది.

1905లో బెర్న్ పేటెంట్ ఆఫీసులో పనిచేసే 26 ఏళ్ల ఐన్‌స్టీన్ దీనికి లెక్క కట్టాడు. నీటి అణువులు అన్నివైపుల నుంచీ కుమ్ముతుంటే, వెయ్యోవంతు మిల్లీమీటరు, అంటే ఒక మైక్రాన్ రేణువు ఒక నిమిషంలో సగటున దాదాపు 6 మైక్రాన్లు పక్కకు జరగాలి. కణాలు నిజమైతే ఇంత, కాకపోతే సున్నా. మరుసటి ఏడాది, 1906 సెప్టెంబరు 5న, ట్రియెస్ట్ దగ్గరి డుయినోలో బోల్ట్‌జ్‌మన్ ఆత్మహత్య చేసుకున్నాడు. పరమాణువుల గొడవే ఆయన్ని చంపిందని కథలు చెబుతారు గానీ, ఆయన ఎన్నో ఏళ్లుగా మానసిక వేదనతో నలిగిపోతున్న మనిషి.

ఆ లెక్కను పరీక్షించింది పారిస్‌లో జాన్ పెరాన్. ఆయన ఎంచుకున్న సరుకు గాంబోజ్, పసుపు రంగు బంక. బొమ్మలు వేసేవాళ్లు వాడేది, కోకుమ్, మాంగోస్టీన్ కుటుంబంలోని చెట్టు పాలు. కిలో బంకను నీళ్లలో రుద్ది, నెలల తరబడి గిర్రున తిప్పి, ఒకే సైజు రేణువులు గ్రాములో పదోవంతుల లెక్కన సాధించాడు. ఒకేసారి ఎక్కువ కనబడితే కన్ను తడబడుతుందని, రేకుకు సూదితో బెజ్జం పొడిచి మైక్రోస్కోపులో పెట్టాడు. ఆ బెజ్జంలో అయిదుకు మించకుండా కనబడే రేణువులను, ఒక్క ప్రయోగంలోనే 13 వేల దాకా లెక్కపెట్టాడు. ఈ ఓపిక ముందు మిగతావాళ్ల మేధస్సు చిన్నదే అనిపిస్తుంది నాకు.

తేలింది ఏమిటంటే, నీళ్లలో 30 మైక్రాన్లు పైకి వెళ్లేసరికి రేణువుల సంఖ్య సగమవుతోంది. కొండలెక్కేటప్పుడు గాలి అయిదారు కిలోమీటర్లకు సగమైనట్టే ఇదీ పలచబడుతోంది. రెండింటికీ ఒకే సూత్రం. ఈ రెండు దూరాలను, రేణువు బరువును కలిపి చూస్తే ఒక్కో గాలి అణువు బరువు దొరుకుతుంది. దాంతో 12 గ్రాముల కార్బన్‌లో ఎన్ని పరమాణువులుంటాయో చెప్పే అవగాడ్రో సంఖ్య లెక్కకు అందింది. ఐన్‌స్టీన్ లెక్కతో సహా, ఇంకా ఎన్నో వేరువేరు దారుల్లో కట్టినా దాదాపు అదే సంఖ్య వచ్చింది. 1909లో వెలువడిన తన పాఠ్యపుస్తకం ముందుమాటలో ఓస్ట్‌వాల్డ్ ఓటమి ఒప్పుకున్నాడు.

ఆ 1909లోనే మాంచెస్టర్‌లో రదర్‌ఫర్డ్ దగ్గర గైగర్, 20 ఏళ్ల విద్యార్థి మార్స్‌డెన్ చీకటి గదిలో కూర్చుని పలుచని లోహపు రేకు మీదికి, ధనావేశంతో వేగంగా దూసుకుపోయే ఆల్ఫా కణాలు వదిలారు. తెర మీద పడే మెరుపులను కంటితో లెక్కపెట్టారు. సుమారు 8 వేలలో ఒకటి వెనక్కి తిరిగి వచ్చింది. టిష్యూ కాగితం మీద 15 అంగుళాల ఫిరంగి గుండు పేలిస్తే అది తిరిగొచ్చి మననే కొట్టినట్టుందని రదర్‌ఫర్డ్ తర్వాత చెప్పుకున్నాడు. థామ్సన్ ఊహించినట్టు ధనావేశం పరమాణువంతా మెత్తగా పరుచుకుని ఉంటే ఇలా జరగదు. 1911లో రదర్‌ఫర్డ్ చెప్పింది: బరువంతా నట్టనడుమ, ఒక్క చిన్న కేంద్రకంలో ఉంది. బంగారం కేంద్రకాన్ని క్రికెట్ బంతి అనుకుంటే, పరమాణువు అంచు దాదాపు ముప్పావు కిలోమీటరు అవతల ఉంటుంది. మిగిలిన చోట ఎలక్ట్రాన్లు తప్ప ఏమీ లేదు. 1913లో బోర్ ఎలక్ట్రాన్లకు స్థాయిలు కేటాయించాడు, 1920లో ప్రోటాన్‌కు పేరు పడింది, 1932లో చాడ్విక్ న్యూట్రాన్‌ను పట్టుకున్నాడు. పరీక్ష పేపర్లో పిల్లలు గీసే బొమ్మ అప్పటికి పూర్తయింది.

పెరాన్‌కు 1926లో నోబెల్ వచ్చింది. ఆయన లెక్క 6 పక్కన 23 సున్నాలకు కాస్త ఎక్కువే తూగింది. 2019 మే 20 నుంచి దాన్ని ఇక కొలవడం లేదు. 6.02214076 × 10²³ అని స్థిరం చేసి, కణాలను లెక్కపెట్టే మోల్ అనే కొలతకు దాన్నే నిర్వచనంగా పెట్టారు.