బ్రిటన్ బరువు, ఐరోపా భోజనం: ఊబకాయంపై అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో బరువు నియంత్రణ క్లినిక్‌లో డైటీషియన్‌గా పనిచేస్తున్న నాకు, వేసవి సెలవులు ముగిసిన తర్వాత వచ్చే రోగుల నోట తరచుగా వినిపించే మాట ఒకటుంది. స్పెయిన్‌కో ఇటలీకో వెళ్లి వచ్చినవారు, "అక్కడివాళ్లు నూనె పోసుకుని రొట్టె తింటున్నారు, వైన్ తాగుతున్నారు, అయినా సన్నగానే ఉన్నారు, లోపమంతా మాలోనే ఉంది" అని తలవంచుకుని చెబుతారు. ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఇదే ఆలోచన ఇంకో రూపంలో ఉంటుంది: తెల్లవాళ్ల తిండి తింటేనే లావవుతామని, ఇంటి భోజనం చేసేవారికి ఏ భయమూ లేదని. ఈ రెండు మాటల్లోనూ కొంత నిజమూ, దానికి మించిన అపోహా కలిసిపోయి ఉన్నాయి. ఒక దేశం బరువును ఆ దేశ ప్రజల స్వభావానికి ముడిపెడితే రోగికి సిగ్గు మిగులుతుందే గాని చికిత్సకు ఏమీ దొరకదు. అందుకే నేను తరచుగా వినే అపోహలను ఇక్కడ ఒక్కొక్కటిగా పరిశీలిస్తున్నాను.

అపోహ: ఐరోపాలో బ్రిటిష్ వాళ్లే లావు, మిగతావాళ్లంతా సన్నం.

బ్రిటన్ పై వరుసలో ఉన్న మాట నిజమే. ఇంగ్లండ్ ఆరోగ్య సర్వే ప్రకారం 2022లో పెద్దవారిలో 29 శాతం మంది ఊబకాయులు, అంటే బీఎంఐ (కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) 30 గాని అంతకంటే ఎక్కువ గాని ఉన్నవారు. అధిక బరువు ఉన్నవారినీ కలుపుకుంటే ఆ లెక్క 64 శాతానికి చేరుతుంది. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే ఏడాది తన ఐరోపా ప్రాంతం గురించి విడుదల చేసిన నివేదికలో, ఆ ప్రాంతమంతటా కలిపి పెద్దవారిలో 59 శాతం మంది అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారని తేలింది. ఊబకాయంలో తుర్కియే, మాల్టా బ్రిటన్ కంటే ముందున్నాయి. బయటివారు సన్నదనానికి ప్రతిరూపంగా భావించే ఫ్రాన్స్‌లో కూడా, 1997లో 8.5 శాతంగా ఉన్న ఊబకాయుల వాటా 2020 నాటికి 17 శాతానికి పెరిగింది.

దేశాలను పోల్చేటప్పుడు చాలామంది గమనించని విషయం, ఆ అంకెలు ఎలా వచ్చాయన్నది. ఇంగ్లండ్ సర్వేలో సిబ్బంది స్వయంగా ఇంటికి వెళ్లి ఎత్తు, బరువు కొలుస్తూ వచ్చారు. యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య పోలికకు తరచుగా వాడే, యూనియన్ గణాంక సంస్థ యూరోస్టాట్ 2019 నాటి లెక్కలు, ప్రజలు తమ ఎత్తు, బరువు ఎంతో తామే చెప్పగా నమోదు చేసుకున్నవి. అడిగినప్పుడు మనుషులు ఎత్తు కాస్త పెంచి, బరువు కాస్త తగ్గించి చెబుతారు, ఇది ఏ దేశంలోనైనా ఉన్నదే. దీని ప్రభావం ఎంతో చూడండి: 170 సెంటీమీటర్ల ఎత్తు, 88 కిలోల బరువు ఉన్న వ్యక్తి బీఎంఐ 30.4 కాబట్టి అతను ఊబకాయుడు. అదే మనిషి తన ఎత్తు 172 అని, బరువు 86 అని చెబితే బీఎంఐ 29.1 అవుతుంది, అతను ఊబకాయుల జాబితాలోంచి జారిపోతాడు. కొలిచి రాసిన అంకెనూ, చెప్పగా రాసుకున్న అంకెనూ పక్కపక్కన పెట్టి ఒక దేశాన్ని నిందించడం న్యాయం కాదు. ఈ తేడాను సరిచూసుకున్నా బ్రిటన్ బరువు ఎక్కువేనని నేను ఒప్పుకుంటాను, కానీ అంతరం పత్రికల శీర్షికల్లో కనిపించినంత పెద్దది కాదు.

అపోహ: మధ్యధరా తీరంలో పుట్టినవారికి ఊబకాయం రాదు.

మధ్యధరా ఆహారానికి పేరు తెచ్చినవి అమెరికా శాస్త్రవేత్త అన్సెల్ కీస్ నాయకత్వంలో, ఆహారానికీ గుండె జబ్బుకూ ఉన్న సంబంధంపై 1958లో మొదలైన ఏడు దేశాల అధ్యయనం, అందులో భాగమైన గ్రీస్‌లోని క్రీట్ ద్వీపం. ఆనాటి క్రీట్ రైతు పొలంలో ఒళ్లు వంచి పనిచేసి, పప్పుధాన్యాలు, ఆకుకూరలు, ఆలివ్ నూనె, ముతక రొట్టె తిని, మాంసం అరుదుగా ముట్టేవాడు. ఆ ఆహారం గుండెకు మంచిదన్న మాటలో నాకు సందేహం లేదు, నా రోగులకు కూడా అదే సలహా ఇస్తాను. అయితే అక్కడ పుట్టినంత మాత్రాన ఆ కంచం దానంతట అదే ముందుకు రాదు. 2015-17 మధ్య ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా దేశాల బడిపిల్లల ఎత్తు, బరువు కొలిపించినప్పుడు, సైప్రస్, గ్రీస్, ఇటలీ, మాల్టా, సాన్ మారినో, స్పెయిన్ దేశాల్లో దాదాపు ప్రతి ఐదుగురు మగపిల్లల్లో ఒకరు ఊబకాయంతో ఉన్నట్టు తేలింది. డెన్మార్క్, నార్వే, ఫ్రాన్స్, ఐర్లండ్ వంటి చోట్ల ఆ వాటా 5 నుంచి 9 శాతం మధ్య ఉంది. 2010లో యునెస్కో మధ్యధరా ఆహారాన్ని మానవజాతి వారసత్వంగా గుర్తించింది, కానీ ఆ వారసత్వం అక్కడి పిల్లల చేతికి పూర్తిగా అందడం లేదు. సెలవుల్లో వెళ్లినవారు చూసేది సముద్రపు ఒడ్డున రెస్టారెంట్లలో భోజనం చేస్తున్న పెద్దవారిని, నగర శివార్లలోని బడిపిల్లలను కాదు.

అపోహ: ఇదంతా ఫిష్ అండ్ చిప్స్, సాసేజీలు, బీరు వల్లే.

ఫిష్ అండ్ చిప్స్ (వేయించిన చేప, బంగాళాదుంప ముక్కలు) దుకాణాలు బ్రిటన్‌లో పంతొమ్మిదో శతాబ్దపు ద్వితీయార్ధం నుంచి ఉన్నాయి. 1980లో బ్రిటన్‌లో పురుషుల్లో 6 శాతం, స్త్రీలలో 8 శాతం మాత్రమే ఊబకాయులు. నూరేళ్లకు పైగా ఉన్న వంటకం గత నలభై ఏళ్లలో వచ్చిన మార్పుకు ముఖ్య కారణం కాలేదు. బీరు పాత్ర లేదని అనను, 568 మిల్లీలీటర్ల పింట్ ఒక్కోదానిలో సుమారు 200 క్యాలరీలు ఉంటాయి. అయితే తలసరి బీరు వాడకంలో చెక్ ప్రజలు, జర్మన్లు బ్రిటిష్ వారికంటే ముందున్నారు.

అసలు తేడా ఇంటికి కొని తెచ్చుకునే సరుకుల్లో కనిపిస్తుంది. బ్రెజిల్‌కు చెందిన కార్లోస్ మొంటేరో బృందం 19 ఐరోపా దేశాల గృహ సర్వేలను పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కుటుంబాలు కొన్న ఆహారంలోని శక్తిలో అల్ట్రా ప్రాసెస్డ్ పదార్థాల వాటా పోర్చుగల్‌లో 10.2 శాతం, ఇటలీలో 13.4, ఫ్రాన్స్‌లో 14.2 ఉండగా, జర్మనీలో 46.2, బ్రిటన్‌లో 50.7 శాతం ఉంది. అంటే బ్రిటిష్ కుటుంబం కొనే క్యాలరీల్లో సగం ఫ్యాక్టరీలో తయారై ప్యాకెట్‌లో వచ్చే బిస్కెట్లు, క్రిస్ప్స్ (మనం ఆలూ చిప్స్ అనేవి), తీపి పానీయాలు, రెడీమేడ్ భోజనాలు, మెత్తని ముక్కల రొట్టె వంటి వాటినుంచి వస్తోందన్నమాట.

రొట్టెనే తీసుకుంటే విషయం బోధపడుతుంది. 1961లో ఇంగ్లండ్‌లోని చోర్లీవుడ్‌లో రూపొందిన పద్ధతి, వేగంగా తిరిగే యంత్రాలతో పిండిని కలిపి, పులియబెట్టే సమయాన్ని బాగా తగ్గించింది. బ్రిటన్‌లో నేటికీ అత్యధిక రొట్టె ఆ పద్ధతిలోనే తయారవుతుంది. ఫ్రాన్స్ 1993లో ఒక ఉత్తర్వు ద్వారా, సంప్రదాయ ఫ్రెంచ్ రొట్టె అనే పేరుతో అమ్మేదానిలో పిండి, నీరు, ఉప్పు, ఈస్టు ప్రధానంగా ఉండాలని, దాన్ని గడ్డకట్టించి నిల్వచేయకూడదని నిర్దేశించింది. ఒకే పదార్థం విషయంలో ఒక దేశం వేగాన్నీ చౌకదనాన్నీ ఎంచుకుంటే, ఇంకో దేశం పాత పద్ధతికి చట్టంలో చోటిచ్చింది.

మొంటేరో బృందం అధ్యయనాన్ని చదివేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం. అందులోని సర్వేలు 1991-2008 మధ్యవి, బయట తినే తిండి వాటిలో లేదు, పైగా అల్ట్రా ప్రాసెస్డ్ తిండి వాటా, ఊబకాయం కలిసి పెరిగినంత మాత్రాన ఒకటి ఇంకొకదానికి కారణమని తేలదు. కారణం వైపు బలంగా వేలు చూపినది అమెరికాలో పరిశోధకుడు కెవిన్ హాల్ నిర్వహించి 2019లో ప్రచురించిన ప్రయోగం. 20 మందిని ఆసుపత్రి ఆవరణలోనే ఉంచి, రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ భోజనం, రెండు వారాలు మామూలు భోజనం పెట్టారు. రెండింటిలోనూ వడ్డించిన క్యాలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానంగా ఉండేలా చూసి, ఎంత కావాలంటే అంత తినమన్నారు. ప్యాకెట్ తిండి వంతు వచ్చినప్పుడు వారు రోజుకు సుమారు 500 క్యాలరీలు ఎక్కువ తిని, రెండు వారాల్లో దాదాపు కిలో బరువు పెరిగారు. వాళ్లంతా తిండిపోతులు కారు, అదే మనుషులు రెండో రకం భోజనంపై అంతే బరువు తగ్గారు. నా రోగులకు నేను ముందుగా చెప్పేది ఈ ప్రయోగం గురించే, ఎందుకంటే ఇది విన్న తర్వాత వారు తమను తాము తిట్టుకోవడం కొంత మానుతారు.

అపోహ: ఐరోపావాళ్లు వ్యాయామం చేస్తారు, బ్రిటిష్ వాళ్లు సోమరులు.

యూరోపియన్ యూనియన్ జరిపే ప్రజాభిప్రాయ సర్వే యూరోబారోమీటర్‌లో 2017లో, వ్యాయామం గాని ఆటలు గాని ఎప్పుడూ చేయమని చెప్పినవారు యూనియన్ మొత్తం మీద 46 శాతం. గ్రీస్, బల్గేరియా, పోర్చుగల్ దేశాల్లో ఆ వాటా 68 శాతం. బ్రిటన్‌లో అది యూనియన్ సగటు కంటే తక్కువ. జిమ్‌కు వెళ్లడంలో బ్రిటిష్ వారు వెనుకబడి లేరు. వారికి తక్కువైనది దినచర్యలో కలిసిపోయిన కదలిక. నెదర్లాండ్స్‌లో ప్రయాణాల్లో నాలుగో వంతుకు పైగా సైకిల్‌పైనే జరుగుతాయి, బ్రిటన్‌లో ఆ వాటా రెండు శాతం దరిదాపుల్లో ఉంటుంది. డచ్ మహిళ పిల్లలను బడిలో దింపడానికి సైకిల్ తొక్కేటప్పుడు దాన్ని వ్యాయామంగా భావించదు, ఆమెకు సురక్షితమైన సైకిల్ దారి ఉంది కాబట్టి తొక్కుతుంది.

అపోహ: ఎంత తిన్నామన్నదే ముఖ్యం, ఎప్పుడు ఎలా తిన్నామన్నది కాదు.

ఫ్రాన్స్‌లో మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో జనాభాలో సుమారు సగం మంది భోజనం ముందు కూర్చుని ఉంటారు. బ్రిటన్‌లో రోజులో ఏ సమయం తీసుకున్నా తింటూ కనిపించేవారు ఐదింట ఒక వంతుకు మించరు. ఫ్రెంచివారు తినడానికీ తాగడానికీ రోజుకు రెండు గంటలకు పైగా వెచ్చిస్తారు, బ్రిటిష్ వారికి అది గంటా ఇరవై నిమిషాల చుట్టూ ఉంటుంది. ఎక్కువసేపు తినేవారే తక్కువ బరువు ఉండడం చాలామందికి వింతగా తోస్తుంది. పూటకు వేళ, వేళకు తోడు, తోడుకు బల్ల ఉన్నచోట మధ్యలో చిరుతిండికి చోటు తగ్గుతుంది. ఫ్రెంచి పిల్లలకు సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో ఒక చిరుతిండి పూట ఉంటుంది, అది ముగిస్తే రాత్రి భోజనమే. 2005 నుంచి అక్కడి బడుల్లో తినుబండారాల, పానీయాల యంత్రాలను చట్టం నిషేధించింది. బ్రిటన్ ఉద్యోగికి మధ్యాహ్న భోజనమంటే సూపర్ మార్కెట్ మీల్ డీల్: ఒక శాండ్‌విచ్, ఒక క్రిస్ప్స్ ప్యాకెట్, ఒక పానీయం, అదీ కంప్యూటర్ ముందే. విడిగా శాండ్‌విచ్ ఒక్కటే కొనడం కంటే మూడూ కలిపి కొనడం లాభంగా తోస్తుంది కాబట్టి, ఆకలి అడగని రెండు వస్తువులు కూడా చేతికి వస్తాయి.

అపోహ: ఊబకాయం బ్రిటిష్ వారి జన్యువుల్లోనే ఉంది.

ఊబకాయంతో సంబంధమున్న ఎఫ్‌టీఓ జన్యువును 2007లో గుర్తించారు. దాని ప్రమాదకర రూపం రెండు ప్రతులూ ఉన్నవారు సగటున మూడు కిలోలు ఎక్కువ బరువుంటారు. ఆ రూపం ఐరోపా సంతతివారందరిలోనూ విస్తృతంగా ఉంది, బ్రిటిష్ వారికి ప్రత్యేకం కాదు. 1980 నుంచి నేటి వరకు ఊబకాయం నాలుగింతలు కావడానికి చాలినంతగా ఏ జాతి జన్యువులూ మారవు.

అపోహ: పన్నులు, చట్టాలు వృథా.

బ్రిటన్ 2018 ఏప్రిల్‌లో కూల్‌డ్రింకుల తయారీదారులపై చక్కెర మోతాదును బట్టి సుంకం విధించింది. 100 మిల్లీలీటర్లకు 5 గ్రాముల లోపు చక్కెర ఉంటే సుంకం లేదు. రెండేళ్ల ముందే ప్రకటించడంతో కంపెనీలు తమ తయారీనే మార్చుకున్నాయి, 2015-2020 మధ్య ఈ సుంకం పరిధిలోని పానీయాల్లో సగటు చక్కెర 46 శాతం తగ్గింది. డెన్మార్క్ 2011లో తెచ్చిన కొవ్వు పన్నును పదిహేను నెలలకే ఎత్తేసింది. పన్ను వినియోగదారుడి జేబును తాకిందా, తయారీదారుడి వంటకాన్ని మార్చిందా అన్నదానిపైనే ఫలితం ఆధారపడుతుందని నా అభిప్రాయం.

అపోహ: తెలివిగా ఎంచుకుంటే ఎవరైనా సన్నగా ఉండవచ్చు.

నన్ను అన్నింటికంటే ఎక్కువగా బాధించే అపోహ ఇదే. ఇంగ్లండ్‌లో ఏటా బడిపిల్లల బరువు కొలుస్తారు. 2022-23లో, పది పదకొండేళ్ల పిల్లల్లో ఊబకాయం అత్యంత పేద ప్రాంతాల్లో 30.2 శాతం, అత్యంత సంపన్న ప్రాంతాల్లో 13.1 శాతం. ఒకే దేశం, ఒకే భాష, ఒకే సూపర్ మార్కెట్ గొలుసులు, అయినా తేడా రెండింతలకు పైనే. ప్రభుత్వం సిఫారసు చేసిన ఆహారం కొనాలంటే అత్యంత పేద ఐదో వంతు కుటుంబాలు తమ చేతికి మిగిలే ఆదాయంలో సగం ఖర్చు చేయాలని, సంపన్నులకు 11 శాతం చాలని ఫుడ్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 2023 నివేదిక లెక్కగట్టింది. మీటరులో డబ్బు వేస్తేనే కరెంటు వచ్చే ఇంట్లో పప్పు గంటసేపు ఉడకబెట్టమని చెప్పే ముందు, ఆ గంట కరెంటు ఎవరు కడతారో నేను అడగాలి. ఇప్పుడు నా మొదటి సంప్రదింపులో ఇంట్లో పొయ్యి, ఫ్రిజ్ పనిచేస్తున్నాయా అన్న ప్రశ్న తప్పకుండా ఉంటుంది.

అపోహ: మనం సన్నమే, ఈ లెక్కలు మనకు వర్తించవు.

బ్రిటన్‌లోని తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పవలసింది ఇక్కడుంది. దక్షిణాసియా మూలాలున్నవారిలో తక్కువ బరువుకే పొట్ట చుట్టూ, లోపలి అవయవాల చుట్టూ కొవ్వు చేరి, మధుమేహం ముందుగా వస్తుంది. అందుకే బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు మనకు అధిక బరువు హద్దును 25కు బదులు 23గా, ఊబకాయం హద్దును 30కి బదులు 27.5గా నిర్ణయించాయి. బీఎంఐ 24 ఉండి, తెల్ల సహోద్యోగుల పక్కన సన్నగా కనిపిస్తూ, రక్తపరీక్షలో మధుమేహం బయటపడ్డాక మా క్లినిక్‌కు వచ్చిన తెలుగు యువకులను నేను చూశాను. వారిలో చాలామంది ఇంటి భోజనమే చేస్తారు, కంచంలో ముప్పాతిక భాగం తెల్లన్నం, మిగతా భాగంలో కూర, పప్పు ఉంటాయి. కూరను, అన్నాన్ని తారుమారు చేయమన్నదే వారికి నా మొదటి సలహా.

బీఎంఐతో పాటు నడుము కొలత కూడా చూసుకోవాలి, అది ఎత్తులో సగం కంటే తక్కువ ఉండాలి. 170 సెంటీమీటర్ల ఎత్తున్నవారికి 85 లోపు. ఈ కొలతకు ప్యాంటు సైజును నమ్మవద్దు, మనవాళ్లు చాలామంది ప్యాంటును పొట్ట కిందికి కట్టుకుంటారు. చివరి పక్కటెముకకూ, తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యన టేపు పెట్టి, ఊపిరి మామూలుగా వదిలి, పొట్ట లోపలికి పీల్చకుండా కొలవండి.